వారధి దాటావా? రెండు ఊళ్ల మధ్య భయం చేసే పని

రాత్రి ఎనిమిదిన్నరకు విజయవాడ బస్టాండులో గుంటూరు ప్లాట్‌ఫాం దగ్గర కాసేపు నిలబడితే, ఒకే మాట పది గొంతుల్లో వినిపిస్తుంది. "ఎక్కానమ్మా. సీటు దొరికింది. ఆఁ, ముందే కూర్చున్నా. వారధి దాటాక చేస్తాలే." బస్సు కృష్ణ మీద కనకదుర్గ వారధి ఎక్కగానే మళ్లీ ఫోన్లు మోగుతాయి. మంగళగిరి దగ్గర ఇంకోసారి, కాజ టోల్‌గేట్ దగ్గర మరోసారి. గుంటూరు బస్టాండు బయట బండికి స్టాండు వేసి తండ్రో, అన్నో, భర్తో ఎదురుచూస్తుంటాడు. ప్రయాణం ముప్పై అయిదు కిలోమీటర్లు కూడా ఉండదు. పట్టేది గంట. ఆ గంటకు నాలుగు ఫోన్లు, ఒక బండి, ఒక మనిషి కాపలా.

పొద్దున ఎనిమిదిన్నరకు అదే అమ్మాయి అదే రోడ్డు మీద వస్తుంది. అప్పుడు ఒక్క ఫోను కూడా రాదు. పక్క సీటులో ఆమె వయసు కుర్రాడికి రాత్రిపూట ఇంటినుంచి ఫోను వస్తే, అది "తిన్నావా" అని అడగడానికే.

నేరం చేసే నష్టం గురించి పేపర్లో రోజూ వస్తుంది. నేరం జరుగుతుందేమోనన్న భయం చేసే నష్టం గురించి రాదు, ఎందుకంటే దానికి ఎఫ్‌ఐఆర్ ఉండదు. వదులుకున్న ఉద్యోగం ఏ స్టేషన్లోనూ నమోదు కాదు. ఇంటికి గంట దూరంలో ఉన్న కాలేజీ కోసం కట్టిన హాస్టల్ ఫీజును ఎవరూ నేరం ఖాతాలో రాయరు. విజయవాడ, గుంటూరు లాంటి జంట ఊళ్లలో ఈ నష్టం ఊళ్ల లోపల కంటే ఊళ్ల మధ్య ఉన్న దారిలోనే ఎక్కువ కనిపిస్తుంది.

నిజానికి ఇవి పేరుకే రెండు ఊళ్లు. మధ్యలో తాడేపల్లి, మంగళగిరి, కాజ, నంబూరు, పెదకాకాని వరసగా అల్లుకుపోయాయి. తాడేపల్లి, మంగళగిరి కలిసి 2021లో కార్పొరేషన్ అయ్యాయి. ఎయిమ్స్, డీజీపీ ఆఫీసు మంగళగిరిలో ఉన్నాయి. 1976 నుంచి నాగార్జున యూనివర్సిటీ ఆ దారిలోనే నడుస్తోంది. హోల్‌సేల్ సరుకు కావాలంటే గుంటూరు వ్యాపారి బెజవాడ వన్‌టౌన్‌కు వెళ్లాలి. మిర్చి అమ్మాలంటే అటువైపు రైతు గుంటూరు యార్డుకు రావాలి. పెళ్లిబట్టలు ఒక ఊళ్లో, పెళ్లి ఇంకో ఊళ్లో. కృష్ణ మీద 1855లో ఆనకట్ట వచ్చింది, దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ తయారైంది. అప్పటినుంచి నది ఈ రెండు ఊళ్లనూ విడదీసింది తక్కువ, కలిపింది ఎక్కువ.

అయినా నది మధ్యలో ఒక గీత ఉంది. ఉత్తరపు ఒడ్డు 2022 ఏప్రిల్ 4 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. అక్కడ పోలీస్ కమిషనరేట్. దక్షిణపు ఒడ్డు గుంటూరు జిల్లా, అక్కడ ఎస్పీ. మామూలు రోజుల్లో ఈ గీత ఎవరికీ పట్టదు. ఏదైనా జరిగిన రోజున మాత్రం మొట్టమొదట కనిపించేది అదే.

2021 జూన్ 19 రాత్రి అలాంటిదే. బ్యారేజీకి గుంటూరు వైపు చివర సీతానగరం పుష్కర ఘాట్ ఉంది. 2016 ఆగస్టు పుష్కరాల్లో అక్కడ జనం కిటకిటలాడారు. ఆ రాత్రి నది ఒడ్డున కూర్చున్న ఒక జంటను దుండగులు బెదిరించి, యువకుణ్ని కట్టేసి, యువతిపై అత్యాచారం చేశారు. అప్పటి ముఖ్యమంత్రి క్యాంపు ఆఫీసు ఉన్న తాడేపల్లి మండలంలోనే ఇది జరిగింది. బ్యారేజీ మీద దీపాలు, అవతల ఒడ్డున దుర్గమ్మ కొండ మీద దీపాలు కనిపించేంత దగ్గరలో.

ఆ తర్వాత ఊళ్లో నడిచిన చర్చను గుర్తుచేసుకుంటే భయం ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. మొదటి రెండు రోజులు కోపం. మూడో రోజు నుంచి "అసలా టైములో అక్కడికెందుకు వెళ్లినట్టు?" అన్న ప్రశ్న. ఈ ప్రశ్న అడిగేవాళ్లంతా చెడ్డవాళ్లు కాదు. చాలామంది తమకు తాము ధైర్యం చెప్పుకుంటున్నారు. వాళ్లు చేసిన పొరపాటు మనం చెయ్యకపోతే మనకేం కాదు అని మనసును ఒప్పించుకునే మార్గం అది. కానీ ఆ ఓదార్పు ఖర్చు బాధితురాలి మీద పడుతుంది. రేపు ఇలాంటిదే ఎదురైన ఇంకో అమ్మాయి స్టేషన్ మెట్లెక్కాలంటే ముందు ఈ ప్రశ్నను దాటాలి.

ఇంకొక సంగతి ఉంది. ఒక చోట నేరం జరిగిందని తెలిస్తే మంచివాళ్లు అక్కడికి పోవడం మానేస్తారు. సాయంత్రం నడకకు వచ్చే పెద్దవాళ్లు, పిల్లల్ని తెచ్చే తల్లులు, మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేవాళ్లు ఒక్కొక్కరే తగ్గుతారు. అక్కడ మిగిలేది ఎవరికి భయపడి వాళ్లంతా మానుకున్నారో వాళ్లే. జనం ఉన్నంతసేపే ఏ ఘాట్ అయినా, ఏ పార్కు అయినా క్షేమం. భయం ముందు ఆ జనాన్ని తీసేస్తుంది. అంటే భయం నేరానికి దారి చూపిస్తుంది. ఒక ఘటన తర్వాత "ఆ వైపు వెళ్లొద్దు" అని చెప్పడం ఇంట్లోవాళ్లకు తేలిక, పోలీసులకు ఇంకా తేలిక. కష్టమైన పని అక్కడికి మళ్లీ జనాన్ని రప్పించడం. ప్రభుత్వాల పని ఈ రెండోది. చాలాసార్లు మొదటిదానితోనే సరిపెడతారు.

భయానికీ నేరానికీ లెక్క కుదరదని చాలా దేశాల సర్వేల్లో తేలింది. వీధిలో దెబ్బలాటలకు, కత్తిపోట్లకు ఎక్కువగా గురయ్యేది కుర్రాళ్లు. భయం తక్కువగా ఉండేదీ వాళ్లకే. ఆడవాళ్లూ ముసలివాళ్లూ అలాంటి దాడులకు తక్కువగా గురవుతారు, కానీ ఎక్కువగా భయపడతారు. దీన్ని చూసి ఆడవాళ్ల భయానికి అర్థం లేదనుకోవడం తప్పు. ఒక మగవాడి పర్సు కొట్టేస్తే పోయేది పర్సు. ఒక స్త్రీ వెనక బండి మీద ఎవరో నెమ్మదిగా వస్తుంటే, వాడు గొలుసు కోసం వస్తున్నాడా ఇంకోదానికి వస్తున్నాడా అన్నది ఆమెకు ఆ క్షణంలో తెలియదు. ఆమె ప్రతి చిన్న ప్రమాదంలోనూ పెద్ద ప్రమాదాన్ని చూడక తప్పదు. పైగా జరిగాక ఎదురయ్యే మాటలు కూడా ఆ లెక్కలో ఉంటాయి. కాబట్టి ఆమె భయం లెక్క తప్పినది కాదు, ఆమె కలుపుకునే అంకెలు వేరు.

అయితే భయం చూసే వైపు మాత్రం తప్పే. మన భయమంతా చీకటి మీద, ముక్కూమొహం తెలియని మనిషి మీద. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చే లెక్కల్లో అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. 2021 ఆగస్టు 15న గుంటూరులో ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని హత్య పట్టపగలు, వీధిలో, నలుగురూ చూస్తుండగా జరిగింది. ఆ కేసులో నిందితుడు ఆమెకు సోషల్ మీడియాలో పరిచయమైన యువకుడు. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది హాస్టల్లో. అంటే తలుపులు వేసి ఉండే చోట, అమ్మానాన్న క్షేమం అనుకున్న చోట. ఆ కేసులో శిక్షపడిన యువకుడు ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక 2017 మార్చిలో హైకోర్టు అతణ్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ కేసు రెండు రకాలుగా భయపెట్టింది. హాస్టల్లో పిల్ల క్షేమంగా ఉంటుందన్న నమ్మకం పోయింది. పోలీసులు పట్టుకున్నవాడే చేశాడన్న నమ్మకం కూడా పోయింది.

ఇక్కడే అంకెల గురించి ఒక మాట. ఏటా నేరాల లెక్క రాగానే "ఫలానా ఊళ్లో ఇంత శాతం పెరిగాయి" అని హెడ్డింగులు వస్తాయి. ఆ అంకె చెప్పేది నమోదైన కేసుల సంఖ్య మాత్రమే. నిర్భయ ఘటన జరిగింది 2012 డిసెంబరులో. ఆ ఏడాది దేశంలో నమోదైన అత్యాచారం కేసులు 24,923. మరుసటి ఏడాది 33,707. ఒక్క ఏడాదిలో నేరాలు అంతగా పెరిగాయని చెప్పడం కష్టం. బయటికొచ్చి చెప్పినవాళ్లు పెరిగారు, కాదనకుండా రాసుకున్న స్టేషన్లు పెరిగాయి, చట్టంలో నిర్వచనం కూడా విస్తరించింది. ఆడవాళ్లు ధైర్యం చేసి ఫిర్యాదిచ్చిన ఊరే పేపర్లో ప్రమాదకరమైన ఊరుగా కనిపిస్తుంది, నోరు మూయించిన ఊరు ప్రశాంతంగా కనిపిస్తుంది. రెండు పక్క ఊళ్లను ఈ అంకెలతో పోల్చి "మా ఊరు నయం" అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఊళ్ల పేర్లకు అంటుకున్న భయం అంకెల కంటే మొండిది. బెజవాడ అనగానే పాతతరం గుంటూరు మనిషికి 1988 డిసెంబరు గుర్తొస్తుంది. నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను 26వ తేదీ తెల్లవారుజామున హత్య చేశారు. ఆ తర్వాత అల్లర్లు, దహనాలు, కర్ఫ్యూ. మూడున్నర దశాబ్దాలు దాటినా ఇప్పటికీ అబ్బాయి బెజవాడలో ఇంటర్ చదువుతానంటే "అక్కడ గొడవల్లో తలదూర్చకు" అని చెప్పి పంపే తాతలున్నారు. బెజవాడ మనిషికి గుంటూరు జిల్లా అనగానే పల్నాటి నాటుబాంబులు. నరసరావుపేట, మాచర్ల వైపు జరిగినదంతా గుంటూరు నగరం ఖాతాలో పడుతుంది. 2022లో పల్నాడు వేరే జిల్లా అయినా మాటల్లో ఇంకా వేరు పడలేదు. ఒక ఒడ్డు జనం రెండో ఒడ్డును దాని చెడ్డ రోజులతో గుర్తుపెట్టుకుంటారు, సొంత ఒడ్డును మంచి రోజులతో.

ఒక పేరుకు అంటుకున్న భయం ఎంతకాలం ఉంటుందో చూడాలంటే బాపట్ల పక్కన స్టువర్టుపురం ఉంది. మొన్నమొన్నటి దాకా అది గుంటూరు జిల్లాయే. 1871లో ఇంగ్లీషువాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాల్లో పుట్టినవాళ్లను పుట్టుకతోనే దొంగలుగా జమకట్టింది. ఆ చట్టం కింద 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ సెటిల్మెంటు పెట్టారు. ఊరు దాటాలన్నా అనుమతి, హాజరు వేయించుకోవడం. 1952లో చట్టం రద్దయింది. ఆ ఊరి పేరు మీద పడిన మచ్చ మాత్రం రద్దు కాలేదు. టీచర్లు, రైల్వే ఉద్యోగులు, పోలీసులు అయిన పిల్లలు కూడా మీదే ఊరని అడిగితే బాపట్ల అని చెప్పి ఊరుకున్న రోజులున్నాయి.

అదే జబ్బు ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది. 2021 చివర్లో విజయవాడ శివారు అపార్ట్‌మెంట్లలో, ఏటికివతల తాడేపల్లి, కుంచనపల్లి వైపు చెడ్డీ గ్యాంగ్ తిరిగింది. సీసీ కెమెరాల్లో దొరికిన దృశ్యం చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. ఒంటి మీద చెడ్డీ, ముఖానికి గుడ్డ, చేతిలో కర్ర, చప్పుడు లేకుండా మెట్లెక్కుతున్న మనుషులు. గుజరాత్ నుంచి వచ్చిన ముఠాలని పోలీసులు తేల్చారు, కొందర్ని అరెస్టు చేశారు. అంతవరకూ అది పోలీసు కేసు. కానీ ఆ వీడియో రెండు ఊళ్లలో ప్రతి వాట్సాప్ గ్రూపులో తిరిగింది, పాతవీ వేరే రాష్ట్రాలవీ కలిపి తిరిగింది. ఊళ్లో ఒక ఇంట్లో దొంగతనం జరిగితే ఆ ఇంటికే నష్టం. ఆ దొంగతనం వీడియో తిరిగితే తలుపు వేసుకున్న ప్రతి ఇంటికీ నిద్ర పోతుంది. నేరానికి కిలోమీటర్ల లెక్క ఉంటుంది. ఫార్వర్డుకు ఉండదు.

అలాంటి వారంలో ఊళ్లోకి వచ్చే దుప్పట్లమ్మేవాళ్లను చూడండి. ప్లాస్టిక్ కుర్చీలు సైకిలుకు కట్టుకుని తిరిగేవాళ్లను, గంగిరెద్దు వాళ్లను, పాత ఇనప సామాను కొనేవాళ్లను చూడండి. వీధిలోకి అడుగుపెట్టగానే నాలుగు బాల్కనీల్లోంచి నాలుగు ఫోన్లు ఫొటో తీస్తాయి. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా వచ్చిందని రెండు తెలుగు రాష్ట్రాల్లో పుకార్లు పుట్టినప్పుడు ఆ ఫొటోలు దెబ్బలయ్యాయి. భాష రానివాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, బిచ్చగాళ్లు చావుదెబ్బలు తిన్నారు, కొన్నిచోట్ల ప్రాణాలు పోయాయి. అదే ఏడాది జులైలో వాట్సాప్ మనదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా హద్దు పెట్టింది. చంపింది దొంగలు కాదు, దొంగల భయం. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

దేశాల సరిహద్దు మధ్య ఉన్న జంట ఊళ్లలో ఇదంతా ఇంకా పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. అమెరికాలో ఎల్ పాసో, మెక్సికోలో హ్వారెజ్. మధ్యలో ఒక నది, నది మీద వంతెనలు. ఇటువాళ్లు అటు పళ్ల డాక్టరుకు, భోజనానికి వెళ్లేవాళ్లు. అటువాళ్లు ఇటు చదువుకు, కొనుగోళ్లకు వచ్చేవాళ్లు. మాదకద్రవ్యాల ముఠాల పోరు ముదిరి 2010లో ఒక్క హ్వారెజ్‌లోనే మూడు వేలకు పైగా హత్యలు జరిగాయి. అదే ఏడాది ఎల్ పాసోలో జరిగినవి అయిదు. నదికి అటూ ఇటూ అంత తేడా. అయినా భయం వంతెన దాటింది. ఎల్ పాసో జనం అటు వెళ్లడం మానుకున్నారు. హ్వారెజ్‌లో డబ్బున్న కుటుంబాలు ఇల్లు మార్చాయి, పేరున్న హోటళ్లు ఇవతల ఒడ్డున తెరుచుకున్నాయి. డబ్బు లేనివాళ్లు, వీసా లేనివాళ్లు అక్కడే ఉండిపోయారు. తర్వాతి సంవత్సరాల్లో హత్యలు బాగా తగ్గాయి కానీ పాత రాకపోకలు అంత తొందరగా తిరిగి రాలేదు. నేరం తగ్గడానికి పట్టేదానికంటే అలవాటు తిరిగి రావడానికి ఎక్కువకాలం పడుతుంది.

బెజవాడకూ గుంటూరుకూ ఆ పోలిక పెట్టడం అన్యాయం. ఇక్కడ అంత రక్తపాతం లేదు, వీసా లేదు. కానీ ఒక్క విషయం రెండు చోట్లా ఒకటే. భయం వచ్చినప్పుడు స్తోమత ఉన్నవాళ్లు దాన్ని డబ్బు పెట్టి దాటేస్తారు. కారు కొంటారు, గేటెడ్ విల్లాలోకి మారతారు, పిల్లకు ఏసీ హాస్టల్ చూస్తారు. లేనివాళ్లు తమ జీవితంలో కొంత వదులుకుని దాటతారు.

ఆ వదులుకోవడం ఎలా ఉంటుందంటే, బీసెంట్ రోడ్డులోనో ఎంజీ రోడ్డులోనో బట్టల షాపులో సేల్స్ ఉద్యోగానికి వచ్చిన అమ్మాయిని మేనేజరు అడిగే మొదటి ప్రశ్న ఇది. "ఎక్కడుంటావమ్మా?"

"గుంటూరండి."

"షాపు కట్టేసరికి తొమ్మిదిన్నరవుతుంది. పండగల్లో పదిన్నర. మరెలా వెళ్తావు?"

ఆమె దగ్గర జవాబు ఉండదు, ఉన్నా అది ఆమె చేతిలో ఉండదు. నాన్న వస్తాడని చెప్పాలి. ఆ నాన్న ఆటో నడిపేవాడైతే రాత్రి బేరాలు మానుకుని బస్టాండుకు రావాలి. లేదా ఆమె ఊళ్లోనే తక్కువ జీతానికి, ఏడింటికి కట్టేసే ఫ్యాన్సీ షాపులో చేరాలి. ఈ తేడా నెలనెలా ఆ ఇల్లు కట్టే పన్ను. ఆమె మీద ఎప్పుడూ ఏ నేరమూ జరగకపోవచ్చు. పన్ను మాత్రం కడుతూనే ఉంటుంది.

చదువులోనూ ఇంతే. ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థుల మీద ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ అధ్యయనం చేశారు. మంచి కాలేజీలో సీటు వచ్చే మార్కులున్నా, దారి క్షేమంగా ఉంటుందని చెప్పి అంతకంటే తక్కువస్థాయి కాలేజీలో చేరే అమ్మాయిలు ఎక్కువని తేలింది. అబ్బాయిల్లో అది అంతగా లేదు. మన దగ్గర ఈ సంగతి ఏ తల్లిని అడిగినా చెబుతుంది. "కాలేజీ బస్సు ఉందా?" అన్నది ఇక్కడ ర్యాంకుల కంటే ముందు అడిగే ప్రశ్న. హాస్టళ్ల వ్యాపారం సగం ఈ ప్రశ్న మీదే నడుస్తోంది. బ్రోషర్‌లో లెక్చరర్ల పేర్లకంటే పెద్దగా వేసేది సీసీ కెమెరాలు, ఎత్తైన గోడ, సాయంత్రం ఆరుకు పడే గేటు. గంట దూరంలో ఇల్లున్న పిల్ల రెండేళ్లు ఆ గేటు వెనక ఉంటుంది.

భయం నగల్లో కూడా కనిపిస్తుంది. పెళ్లికి ఏరు దాటి వెళ్లే ఆడవాళ్లు బస్సులో వన్ గ్రామ్ గోల్డ్ గొలుసు వేసుకుంటారు. అసలు నగలు గుడ్డలో చుట్టి టిఫిన్ బాక్సులో పెట్టి, దాని మీద పులిహోర బాక్సు పెట్టి, సంచి ఒళ్లో పెట్టుకుంటారు. కల్యాణమండపం బాత్రూంలో నగలు మార్చుకుంటారు. మంగళసూత్రం తీయడం ఇష్టంలేని పెద్దావిడ పసుపుతాడుకు రెండు పుస్తెలు కట్టుకుని, నల్లపూసల గొలుసు బీరువాలో పెట్టి బయల్దేరుతుంది. బండి వెనక కూర్చుంటే పైట మెడచుట్టూ తిప్పి బిగించి పిన్ను పెడుతుంది. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త న్యాయ సంహిత 304వ సెక్షన్‌లో గొలుసు లాక్కోవడం లాంటి దొంగతనాన్ని విడిగా నేరం చేశారు. మూడేళ్ల దాకా శిక్ష. పిన్ను పెట్టుకునే చేతికి ఆ సెక్షన్ తెలియదు. తెలిసినా పిన్ను తీసెయ్యదు.

మరి ఈ భయాన్ని ఏది తగ్గిస్తుంది? యాప్‌లు వచ్చాయి, పేర్లు మారాయి. దిశ అన్నారు, ఇప్పుడు శక్తి అంటున్నారు. 112 ఉంది, మహిళలకు 181 ఉంది. ఇవన్నీ ఉండాల్సినవే. కానీ ఇవి జరుగుతున్నప్పుడో జరిగాకో పనికొచ్చేవి. భయం దానికంటే ముందు, బస్సు దిగేటప్పుడే ఉంటుంది.

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. పల్లెవెలుగు, సిటీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు అది వర్తిస్తుంది. దాన్ని అందరూ టికెట్ డబ్బుల లెక్కలోనే మాట్లాడుతున్నారు. భయం లెక్కలో దాని విలువ ఇంకోటి. రాత్రి తొమ్మిదింటి బస్సులో ఒక్కత్తే ఆడమనిషి ఉండటం వేరు, పదిహేనుమంది ఉండటం వేరు. ఆ పదిహేనుమందిలో ఒకరికొకరు తెలియకపోయినా, మధ్య సీట్లో పూలమాల కట్టుకుంటూ కూర్చున్న పెద్దావిడ ఒక్కతే చాలు, బస్సు గాలి మారిపోతుంది. తోడు కంటే పెద్ద కాపలా లేదు. అందుకే ఆ రూట్లలో రాత్రి సర్వీసులు తగ్గకుండా చూడటం ముఖ్యం. షాపుల, ఫ్యాక్టరీల చట్టాలను 2025లో సవరించి ఆడవాళ్లను రాత్రి షిఫ్టుల్లో పెట్టుకోవచ్చన్నారు. వాళ్ల సమ్మతి ఉండాలి, రవాణా, భద్రత యజమాని చూడాలి అన్నది దానితోపాటు ఉన్న షరతు. షరతు అమలైతేనే ఆ సవరణ అమ్మాయిలకు పనికొస్తుంది. లేకపోతే మేనేజరు ప్రశ్న మళ్లీ వాళ్ల నాన్న దగ్గరికే వస్తుంది.

రెండోది, ఆ నది మధ్య గీత. బ్యారేజీకి ఒక చివర ఒక స్టేషన్, రెండో చివర ఇంకో జిల్లా స్టేషన్. "ఇది మా పరిధి కాదమ్మా, అవతలికెళ్లండి" అన్న మాట విన్నవాళ్లు రెండు ఒడ్లలోనూ ఉన్నారు. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. రాసుకుని, తర్వాత వాళ్లే అసలు స్టేషన్‌కు పంపాలి. ఆన్‌లైన్లో ఇచ్చినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వచ్చి సంతకం పెట్టాలి. అత్యాచారం లాంటి కేసుల్లో రాసుకోని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు కూడా ఉంది. ఈ సంగతి స్టేషన్ గోడ మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి పెట్టడానికి అయ్యే ఖర్చు ఒక పెయింటు డబ్బా. బ్లేడు చూపించి దోచుకునే బ్లేడ్ బ్యాచ్‌ల మీద, గంజాయి మీద ఈ ఒడ్డున గట్టిగా పట్టుకుంటే అవతలి ఒడ్డుకు జారుకునే మనుషుల విషయంలోనూ రెండు పోలీసు విభాగాలు ఒకటిగా పనిచేస్తేనే ఫలితం. ముఠాలకు జిల్లా హద్దు అడ్డం కాదని చెడ్డీ గ్యాంగే చూపించింది.

మిగిలింది చివరి అర కిలోమీటరు. హైవే బస్సులు చాలావరకు ఊళ్లోకి రావు, మెయిన్ రోడ్డు మీదే దించేస్తాయి. మంగళగిరిలోనో, కాజలోనో, నంబూరులోనో, పెదకాకానిలోనో రాత్రి పది దాటాక దిగిన మనిషి సర్వీసు రోడ్డు దాటాలి, ఒక అండర్‌పాస్ కింద నుంచి నడవాలి, అక్కణ్నుంచి ఊరి వీధి మొదలవుతుంది. బస్సులో ఉన్నంతసేపూ లేని గుండెదడ ఆ నడకలో వస్తుంది. బస్టాండులో వెలుతురు ఉంది, బస్సులో జనం ఉన్నారు, ఇంట్లో అమ్మ ఉంది. ఆ మధ్య నడకలోనే ఎవరూ లేరు. దిగినచోట ఒక టీ బండి పన్నెండింటి దాకా తెరిచి ఉండనిస్తే, నాలుగు షేర్ ఆటోలకు అక్కడే స్టాండు ఇస్తే, అండర్‌పాస్‌లో మాడిపోయిన బల్బులు వారంలో మార్చేవాళ్లుంటే ఆ నడకలో భయం సగానికి తగ్గుతుంది. పోలీసులు చాలాచోట్ల రాత్రి తొమ్మిదిన్నరకే టీ బండ్లు కట్టించేస్తారు. గొడవలు తగ్గుతాయని వాళ్ల ఉద్దేశం. దానితోపాటు ఆ రోడ్డు మీద మెలకువగా ఉన్న ఒక్క మనిషీ పోతాడు.

బల్బు సంగతి అడిగితే హైవే వాళ్లు సర్వీసు రోడ్డు తమది కాదంటారు, పంచాయతీ వాళ్లు అండర్‌పాస్ హైవేదంటారు, కార్పొరేషన్ వాళ్లు ఆ హద్దు తమకింకా రాలేదంటారు. రెండు వందల గజాల ఆ చీకటి ఎవరి పరిధిలోకి వస్తుందో ముందు అది తేల్చాలి.